వాడికెవరు చెప్పాలి

పొద్దున్నే బాత్రూమ్‌లో నీళ్ళ చప్పుడు. తలుపు తోస్తే నా కొడుకు బకెట్ ముందు గొంతుక్కూర్చుని దుప్పటి ఉతుకుతున్నాడు. నన్ను చూసి మొహం తిప్పేసుకున్నాడు. "నీళ్ళు ఒలికాయమ్మా" అన్నాడు. ఆ గొంతు సగం పిల్లాడిది, సగం మగాడిది. వాడికి పదమూడేళ్ళు.

నేనేమీ అనకముందే వెనకనుంచి మా ఆయన నవ్వాడు. "ఏరా, మళ్ళీ పక్క తడుపుతున్నావా? అమ్మా, నీ మనవడు పెద్దమనిషయ్యాడే!" వంటింట్లోంచి అత్తగారూ నవ్వింది. వాడి చెవులు ఎర్రబడిపోయాయి. ఏమీ తినకుండానే బడికి వెళ్ళిపోయాడు.

ఈ మనిషిని నేనెంత బతిమాలానో. గొంతు మారుతోంది, అద్దంలో చూసుకుని బెంబేలెత్తుతున్నాడు, కాస్త కూర్చోబెట్టుకుని మాట్లాడండి అని. టీవీ మీంచి చూపు తిప్పకుండా "మాకెవరు చెప్పారు? మేం పెరగలేదా?" అనేవాడు. పెరిగారు. ఎలా పెరిగారో నాకంటే ఎవరికి తెలుసు? పెళ్ళైన కొత్తలో నేను నొప్పంటే, "అందరికీ అంతేనట, మా ఫ్రెండ్స్ చెప్పారు" అన్న మనిషి. నెలసరి అయితే నన్ను చూసి ముక్కు మూసుకున్న మనిషి. ఎవరూ చెప్పకపోవడం వల్ల ఆయనకేమీ కాలేదు. అయిందంతా నా ఒంటికే అయింది.

సాయంత్రం ఆఫీసునుంచి వచ్చి, వంటింటి వైపు కాకుండా వాడి గదిలోకి నడిచాను. సంగతి కనిపెట్టి అత్తగారు అడ్డొచ్చింది.

"మగపిల్లాడికి తల్లి చెప్పే మాటలా అవి? సిగ్గు లేదూ?"

"సిగ్గుపడాల్సినవాళ్ళు పొద్దున నవ్వారత్తయ్యా."

వాడు దిండులో మొహం దాచుకున్నాడు. ఆవిణ్ణి దాటుకుని వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాను. కొన్నింటికి నాకూ తెలుగులో మర్యాదైన పేర్లు దొరకలేదు, బూతులే గుర్తొచ్చాయి. వాడి సైన్సు పుస్తకంలో మాటలు వెతుక్కుంటూ, తడబడుతూనే చెప్పాను. నిద్రలో అలా అవడం జబ్బు కాదనీ, తప్పు కాదనీ, ఆ వయసు అబ్బాయిలకి మామూలేననీ.

దిండు మెల్లగా పక్కకి జరిగింది. "చచ్చిపోతానేమో అనుకున్నానమ్మా" అన్నాడు.

ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళం ఉండి, ఆ భయాన్ని వీడొక్కడే మోశాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

"ఇంకోటి విను. ఎవరి ఒంటి మీదైనా చెయ్యి వెయ్యాలంటే వాళ్ళకి ఇష్టమో కాదో అడగాలి. వద్దంటే ఆగిపోవాలి. పెళ్ళాం అయినా సరే."

గుమ్మంలోంచి మా ఆయన గొంతు. "చాల్లే ఇక, వాణ్ణి ఆడంగిని చేసిపెడతావ్!"

వాడు ఆయన వైపు చూసి, నావైపు తిరిగాడు. "నాన్నకి ఇవన్నీ తెలుసా అమ్మా?"

"తెలీదు" అన్నాను, ఆయన మొహంలోకి సూటిగా చూస్తూ. "అందుకే నీకు చెబుతున్నా."