మతిమరుపు అత్తయ్య

నెలకోసారి ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య కుటుంబమంతా కలిసి హోటల్లో భోంచేయడం ఆ ఇంటి ఆనవాయితీ. అన్నయ్య, వదిన, ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, పిల్లలు, వాళ్ళ వెంట ఎప్పుడూ చివరి కుర్చీలో అన్నయ్య చెల్లెలు, అంటే అత్తయ్య. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. ఊళ్ళో సగం నంబర్లు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతుంది. అలాంటి మనిషికి మేనల్లుళ్ళు పెట్టిన పేరు మతిమరుపు అత్తయ్య!

పేరు ఊరికే రాలేదు. వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ టేబుల్ దగ్గర ఏదో ఒకటి వదిలేస్తుంది. ఒకసారి గొడుగు, ఒకసారి కళ్ళజోడు డబ్బా, ఇంకోసారి శాలువా. అందరూ కార్లెక్కి కూర్చున్నాక నాలిక్కరుచుకుని, "అయ్యో, ఆగండ్రా" అంటూ లోపలికి పరిగెడుతుంది. కార్లలో నవ్వులే నవ్వులు.

అసలు సంగతి వేరు. అన్నయ్య బిల్లు దర్జాగా కడతాడు గానీ టిప్పు కింద చిల్లిగవ్వ పెట్టడు. పిసినారి అనుకునేరు, కాదు. అదాయన సిద్ధాంతం. "ఇంతమందిమి వచ్చి ఇంత బిల్లు కట్టాం. ఇంకా చేతిలో పెట్టడమెందుకు?" అంటాడు. కొడుకులేమో నాన్న పెట్టే ఉంటాడనుకుంటారు. కోడళ్ళు మొగుళ్ళు పెట్టి ఉంటారనుకుంటారు. ఇద్దరే తింటే ఆ ఇద్దరికీ మొహమాటం ఉంటుంది. బలగంతో తింటే ఆ మొహమాటాన్ని తలా కాస్తా పంచుకుంటారు, ఎవరి వాటాకీ ఏమీ మిగలదు. టేబుళ్ళన్నీ జరిపి కలిపినవాడు, పిల్లలు ఒలకబోసిన నీళ్ళు తుడిచినవాడు, మధ్యాహ్నమంతా ఇంకో టేబుల్ ముట్టకుండా వీళ్ళ చుట్టే తిరిగిన వెయిటర్ మాత్రం ఉత్త చేతులతో నిలబడతాడు.

మొదట్లో అత్తయ్య ఒకసారి నోరు విప్పింది. "నాకు మర్యాదలు నేర్పుతున్నావా?" అని అన్నయ్య చాలా రోజులు ముఖం మాడ్చుకున్నాడు. ఆ తర్వాతే ఈ మతిమరుపు మొదలైంది. వెనక్కి వచ్చి, సాసర్ కింద నోటు పెట్టి, "మా అన్నయ్యకి తెలియనివ్వకు బాబూ" అంది వెయిటర్‌తో.

"చచ్చినా చెప్పనమ్మా" అన్నాడు ఆ పొడుగాటి మనిషి.

రానురాను ఆవిడ వచ్చేసరికి ఆ వస్తువు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడేవాడు. "ఈసారి ఏం మర్చిపోయారమ్మా?" అని నవ్వి, "మోకాలి నొప్పి తగ్గిందా?" అని అడిగేవాడు. నిజం చెప్పొద్దూ, ఆవిడ వెనక్కి వెళ్ళేది సగం ఆ మాట కోసమే. అంతసేపు అంతమంది మధ్య కూర్చుని తిన్నా, ఆవిడ మోకాలి సంగతి అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఆవిడకున్న మరో సంతోషం శనివారం. ఆ రోజు పెద్ద మేనల్లుడి కూతురు ఆవిడ ఇంట్లో ఉంటుంది. ఇద్దరూ కాగితం కప్పులకు దారం కట్టి, ఈ గదిలోంచి ఆ గదిలోకి ఫోన్లు చేసుకుంటారు. లోకంలో ఆవిడను నోరారా "అమ్మమ్మా" అని పిలిచేది ఆ పాప ఒక్కతే. మిగతా వారమంతా ఆ ఇంట్లో ఫోను మోగితే అది రాంగ్ నంబరే.

ఆ ఆదివారం అందరూ చేతులు కడుక్కుని వచ్చాక పెద్ద మేనల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యా, ఏమనుకోకు. వచ్చే శనివారం నుంచి పాపను మీ ఇంటికి పంపం."

"ఏం నాన్నా? నేనేం చేశాను?"

"ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతున్నావు కదా. రేపు గ్యాస్ కట్టేయడం మర్చిపోతే? తలుపు తీసి వదిలేస్తే? చిన్నపిల్ల."

"మేమందరం మాట్లాడుకున్నాంలేమ్మా" అంది వదిన.

అత్తయ్య అన్నయ్య వైపు చూసింది, పాప వైపు చూసింది. ఇటు అన్నయ్య పరువు, అటు శనివారం. ఆవిడ శనివారాన్నే ఎంచుకుంది.

"నేనేదీ మర్చిపోలేదురా, ఒక్కసారి కూడా. కావాలనే వదిలేసేదాన్ని. మీ నాన్న టిప్పు పెట్టడని, వెనక్కొచ్చి నేను పెట్టేదాన్ని."

చిన్న మేనల్లుడు పెళ్ళాం చెవిలో, "ఇలా కథలు అల్లడం కూడా మతిమరుపు జబ్బు లక్షణమేనట" అని గొణిగాడు. గొణుగుడు అందరికీ వినిపించింది. అన్నయ్య ముఖం ఎర్రబడింది.

"ఏమయ్యా, ఇలా రా" అని వెయిటర్‌ని పిలిచాడు. "మా చెల్లెలు వెనక్కొచ్చి నీకు డబ్బులిస్తోందట. నిజమేనా?"

వెయిటర్ అన్నయ్య ముఖం చూశాడు. కొంగు నలుపుతున్న అత్తయ్యను చూశాడు. పాపం, ఆవిడ పట్టుబడిపోయిందనుకున్నాడు.

"లేదు సార్. అమ్మగారు వస్తువులు మర్చిపోతుంటారు. నేను తీసి ఇస్తుంటాను, అంతే."

"చెప్పు బాబూ, ఫర్వాలేదు. నేనే చెప్పేశాను" అంది అత్తయ్య. ఆవిడకు ఏడుపొక్కటే తక్కువ.

బలవంతం మీద అనిపిస్తున్నారనుకున్నాడో ఏమో, ఆ మనిషి ఇంకాస్త నిటారుగా నిలబడ్డాడు. "లేదమ్మా. మీరు నాకెప్పుడూ ఏమీ ఇవ్వలేదు."

అన్నయ్య ఊపిరి పీల్చుకున్నాడు. అందరూ కుర్చీలు జరుపుకుని లేస్తుంటే, వాళ్ళ వెనకనుంచి వెయిటర్ ఆవిడ వైపు చూసి మెల్లగా కళ్ళార్పాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్న తృప్తి ఆ ముఖంలో కనిపిస్తోంది. అతని మీద కోపం తెచ్చుకుందామన్నా ఆవిడకు చేతకాలేదు. తలూపి బయటికి నడిచింది.

కార్లో పాప వచ్చి ఆవిడ ఒళ్ళో కూర్చుంది. "అమ్మమ్మా, నీ గొడుగేదీ?"

అత్తయ్య పక్కన తడిమి చూసుకుంది. గొడుగు లేదు. ఈసారి నిజంగానే మర్చిపోయింది.

కార్లో ఎవరూ నవ్వలేదు. ఆవిడ తలుపు తీయబోయింది.

"నువ్వు కూర్చోమ్మా, నేను తెస్తాను" అన్నాడు అన్నయ్య. ఆయన అంత మెత్తగా మాట్లాడి ఎన్నేళ్ళయిందో.

అద్దంలోంచి చూస్తే వెయిటర్ గొడుగు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. గొడుగు అన్నయ్య చేతికిచ్చి, ఆయన భుజం మీదుగా ఆవిడ కోసం చూస్తున్నాడు. సాసర్ కింద పెట్టాల్సిన నోటు ఆవిడ గుప్పిట్లో చెమటకు తడిసిపోయింది.

అన్నయ్య గొడుగు తెచ్చి ఆవిడకిచ్చాడు. తర్వాత పాపను ఆవిడ ఒళ్ళోంచి తీసి వాళ్ళమ్మకు అందించాడు.