బిలాస్‌గఢీ తెలుగు కుటుంబ వార్తలు

గార్డు కెరెన్ మెడలోని గుర్తింపు కార్డును లాక్కోలేదు. ఆమె చేతనే తీయించాడు. ఆసుపత్రి గేటు దగ్గర, రోగుల వరుస ఎదుట, పగటి డ్యూటీకి వచ్చిన ఆ నర్సును ఆపి, "మేడమ్, ఊపర్ సే ఆర్డర్ హై. కార్డ్ దే దీజియే" అన్నాడు. పైనుంచి ఆర్డరట, కార్డు ఇచ్చేయాలట. రక్తపోటు మందుల కోసం ఆ వరుసలో నేనూ నిలబడి ఉన్నాను.

కెరెన్ కారణం అడిగింది. చెప్పడానికి కాంట్రాక్టరు సుధీంద్ర స్వయంగా లోపలి నుంచి వచ్చాడు. గొంతులో పెళ్ళివారి మర్యాద ఉంది.

"మూడు నెలలు నిండిన పిల్లని వార్డులో నిలబెట్టి పాపం కట్టుకోలేనమ్మా. ఇంటికెళ్ళు. కాన్పయ్యాక చూద్దాం."

"మీకెవరు చెప్పారు సార్?"

"ఇలాంటివి దాగుతాయా? మీ వాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు."

వరుసలో ఉన్నవాళ్ళు ఆమె పొట్టవైపు చూశారు. కెరెన్ కార్డును గార్డు చేతిలో పెట్టి, చున్నీ ముందుకు లాక్కుంది. ఒకరి శరీరంలోని సంగతి ఒక యజమాని నోట బజారున పడడం నేను చూసిన అన్యాయం. ఆ తరువాత జరిగినదంతా దాని పర్యవసానం. అందుకే వరుస తప్పకుండా చెబుతాను.

గాజియాబాద్ దాటి చెరకు తోటల మధ్య ఉన్న చిన్న పట్టణం, అక్కడి మాటలో కస్బా, బిలాస్‌గఢీ. హైవే పక్కన ప్రైవేటు ఆసుపత్రి ఉంది. అందులోని నర్సులలో చాలామంది గుంటూరు, ఏలూరు ప్రాంతాల నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాల అమ్మాయిలు. వారిని తెచ్చినవాడు సుధీంద్ర. జీతం ఇచ్చేది ఆసుపత్రి కాదు, అతడు. గర్భిణికి సెలవూ జీతమూ ఇమ్మని చట్టం చెబుతుంది. ఆ చట్టం తన గడప తొక్కకముందే గర్భిణిని గడప దాటించడం అతని పద్ధతి. అయినా అతన్ని ఎవరూ దుర్మార్గుడని అనుకోలేదు. మన తెలుగువాడు. పుట్టినరోజుకు కేకు, క్రిస్మస్‌కు షామియానా, పరాయి ఊళ్ళో పలకరింపు, అన్నీ అతనివే. అడగకుండా వచ్చే కేకును అనుమానించవలసిందని ఇప్పుడు తెలుస్తోంది.

కెరెన్‌కు జరిగినది ఆ సాయంత్రమే సరళకుమారి గదికి చేరింది. సరళకుమారి ఆ నర్సులందరిలో పెద్దది. ఆమె ఉండే మేడ కింది భాగంలో, కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి విరమించిన నేను అద్దెకుంటాను. ప్రతి శుక్రవారం ఆమె గదిలో ప్రార్థన కూడిక జరుగుతుంది. పాటలు, వాక్యం, టీ, ఆపైన ఒక్కొక్కరూ తమ ప్రార్థన మనవి చెప్పుకుంటారు. నాకు మతం లేదు. టీ కోసం, తెలుగు కోసం వెళతాను.

ఆ రోజు మాత్రం పాట లేదు. ఒకటే ప్రశ్న. ఎవరు చెప్పారు?

"ఇంకెవరు, సాయిసుధ" అంది ఒకామె.

"కెరెన్ వాంతులు చేసుకుంది దాని ఎదుటే కదా."

"పోయిన నెలే వార్డు ఇన్‌ఛార్జిని చేశారు. ఊరికే చేస్తారా ఏంటి?"

సాయిసుధది కరీంనగర్ వైపు. హిందువుల అమ్మాయి, కూడికకు రాదు. మాట్లాడే తెలుగు కూడా వేరు. అనుమానానికి ఇంతకంటే సాక్ష్యం అవసరం లేకపోయింది. కెరెన్ భర్త స్టీవ్, నోయిడా ఆఫీసులకు క్యాబు నడిపేవాడు, మంచం అంచున కూర్చుని, "అవునో కాదో ముందు అడగండక్కా" అన్నాడు. ఎవరూ వినలేదు.

మరునాటి నుంచి సాయిసుధ టిఫిను డబ్బా విప్పితే మిగతావాళ్ళు తమవి మూసుకున్నారు. ఈ సంగతి సుధీంద్రకూ తెలిసింది. అతడు ఖండించలేదు. ఒకామెతో నవ్వుతూ, "నాకు చెప్పేవాళ్ళు నాకున్నారు, పేర్లు అడక్కండి" అన్నాడట. ఆ ఒక్క మాట చాలింది. గదుల్లో గదులు పుట్టాయి. అక్కచెల్లెళ్ళలా ఉన్నవాళ్ళు కూడా ఫోన్లో మాట్లాడుతూ బయటికి నడిచారు. నేను ఎవరితో ఏమన్నానో నాకు నేనే నెమరు వేసుకున్నాను. పాలకుడికి గూఢచారి అక్కరలేదు. గూఢచారి ఉన్నాడన్న నమ్మకం చాలు.

మరుసటి వారం ఆదివారం మధ్యాహ్నం, ఆరాధన ముగిసి అందరూ సరళకుమారి గదిలో అన్నాలకు కూర్చున్నప్పుడు, సాయిసుధ చెప్పులు విప్పకుండానే తలుపు దగ్గరకు వచ్చింది.

"ఏందక్కా, నేను కూసుంటె లేసి పోతున్నరు. నాకేమన్న అంటురోగమా?"

సరళకుమారి కంచం పక్కన పెట్టింది. "నువ్వు సార్‌కి చెప్పలేదా?"

"ఏం జెప్పిన్నని?"

"కెరెన్‌కి మూడు నెలలు నిండాయని."

"మూడెక్కడియి? పరీక్ష జేసింది నేనే. రెండు సుత నిండలె." కెరెన్ వైపు తిరిగింది. "చెప్పవేందే? నేను చాడీలు మోసేదాన్నైతె ఉన్నదున్నట్టు రెండో నెలనే చెప్తుంటి గదా."

కెరెన్ తల ఊపింది. నేను అడిగాను: "మరి మూడు అన్నది ఎవరు?"

సరళకుమారి చేతులు ఒడిలోకి జారాయి. "నేను, టీచరుగారూ."

జరిగింది ఇది. కూడికలో చెప్పుకున్న మనవులను ఆమె ప్రతి శనివారం తన గొంతుతో ఫోన్లో రికార్డు చేసి 'తెలుగు కుటుంబం' అనే గ్రూపులో పెట్టేది. ఎవరి పాపకు అన్నం ముట్టించారు, ఎవరి తమ్ముడికి సంబంధం కుదిరింది, ఎవరి తల్లికి ఆపరేషను, ఎవరికి ఏ ప్రార్థన కావాలి, అన్నీ అందులో ఉండేవి. మూడు కస్బాలలోని తెలుగు నర్సులు ఆ వార్తల కోసం ఎదురుచూసేవారు. కెరెన్ కడుపు నిలవాలని అందరూ వెంటనే ప్రార్థించాలి. కాని మూడో నెల నిండకుండా బయట చెప్పకూడదని ఇళ్ళలో ఆచారం. కెరెన్ అత్తగారూ ఆ గ్రూపులో ఉంది. ఆవిడ కోప్పడకుండా సరళకుమారి ఒక నెల కలిపి, "మూడు నెలలు నిండాయి" అని చెప్పింది. గేటు దగ్గర సుధీంద్ర పలికింది ఆ కలిపిన నెలనే. ఆ గ్రూపును మొదటి క్రిస్మస్‌నాడు పెట్టినవాడూ అతడే.

తరువాత గదిలో ఒక్కొక్కరికీ పాతవి జ్ఞాపకం వచ్చాయి. గల్ఫ్ ఉద్యోగ పరీక్షకు ప్రార్థించమన్న అమ్మాయికి పరీక్ష రోజున సెలవు దొరకలేదు. తల్లి ఆపరేషనుకు ప్రార్థించమన్నామెకు సుధీంద్ర తానే వచ్చి అడ్వాన్సు ఇచ్చి, ఇంకో రెండేళ్ళకు కట్టేసుకున్నాడు. మన అవసరంతో వ్యాపారం చేసేవాడికి, మన అవసరాలను వారం వారం మనమే చదివి వినిపించాం. ద్రోహి గదిలో లేడు. ద్రోహం అలవాటులో ఉంది.

"అయితె మొత్తం ముచ్చట మోసింది మీ ప్రార్థననే అన్నట్టు" అంది సాయిసుధ.

ఎవరో నవ్వారు. సరళకుమారి కళ్ళు తుడుచుకుని, "లోపలికి రా. అన్నం తిను" అంది.

"గిప్పుడు తినుమంటవ్. వారం సంది మాడిపిస్తివి." అయినా చెప్పులు విప్పింది.

వాదన మొదలైంది. "గ్రూపు మూసేద్దాం" అన్నాడు స్టీవ్.

"మూస్తె ఆయనకేం నష్టం? మనకు మనం తెల్వకుండ పోతం" అంది సాయిసుధ.

"ప్రార్థనలోకి గొడవలు తేవొద్దక్కా. ఉన్న ఉద్యోగం కూడా ఊడుద్ది" అంది ఒక చిన్న నర్సు, భయంగా.

"ఊడదని ప్రార్థన చేస్తూనే ఉన్నాం కదమ్మా. ఎవరిది ఆగింది?" అంది సరళకుమారి. "నేను చాటుగా ఒక నెల కలిపితే ఇంత జరిగింది. ఇక చాటు వద్దు."

చట్టం గురించి అడిగితే తెలిసినంత చెప్పాను. అది కాగితం మీద బలమైనదే, దాన్ని పట్టుకుని నిలబడేవాళ్ళు లేకపోతే కాగితమేనని కూడా చెప్పాను. పని ఆపి గేటు ముందు కూర్చోవాలన్న మాట వచ్చినప్పుడు, ఐసీయూలో డ్యూటీ ఉన్నవాళ్ళు కదలకూడదని సాయిసుధ పట్టుబట్టింది. రోగుల ప్రాణాల మీద బేరం వద్దన్నది ఆ గదిలో ఓటు లేకుండా నెగ్గిన ఒకే మాట.

ఆ వారంలోనే వచ్చిన నర్సుల దినోత్సవం నాడు సుధీంద్ర కస్బాలోని పెళ్ళి హాలులో కుటుంబ సమ్మేళనం పెట్టాడు. ఆసుపత్రి మేనేజరు, స్థానిక వార్తల చానెలు విలేకరి, శాలువాలు, బిర్యానీ. ఆయాలను కూడా పిలిపించాడు, వెనక వరుసల కుర్చీలు నిండాలి గనుక. మైకు అందుకుని, "మన సరళక్క వార్తలు వినందే మనకు పండగెక్కడిది?" అన్నాడు.

సరళకుమారి లేచింది. ఎవరి బాబుకు మొదటి పుట్టినరోజో చెప్పింది. ఎవరి చెల్లికి నిశ్చితార్థమో చెప్పింది. చప్పట్లు కొట్టారు. తరువాత అదే గొంతుతో చెప్పింది: "మన కెరెన్‌కి రెండో నెల. మూడని నేను చెప్పింది తప్పు. ఆ మాట విని సుధీంద్రగారు కెరెన్‌ని పనిలోంచి తీసేశారు. ఇంతకుముందు కడుపుతో ఉన్నవాళ్ళనీ ఇలాగే తీసేశారు. కెరెన్‌ని తిరిగి తీసుకోవాలి. ఇకపై కడుపుతో ఉన్న ఏ మనిషినీ తీయకూడదు. వార్తలు సమాప్తం."

సాయిసుధ అప్పటికే వెనక వరుసల వైపు తిరిగి ప్రతి వాక్యాన్నీ హిందీలో చెబుతోంది. ఫూల్‌వతీ అనే ఆయా లేచి, "దీదీ, నా కోడలికీ ఇదే చేశాడు" అని హిందీలోనే జవాబిచ్చింది. సుధీంద్ర మైకు ఆపించాడు. నర్సులు శాలువాలను కుర్చీల మీద వదిలి, ఎండలో ఆసుపత్రి గేటుదాకా నడిచారు. ఆయాలు బిర్యానీ ప్లేట్లు కింద పెట్టి వెంట వచ్చారు. నేను రిక్షాలో వెళ్ళాను. నా మోకాళ్ళు నడిచే పోరాటానికి పనికిరావు.

గేటు దగ్గర కూర్చున్న కాసేపటికి సుధీంద్ర వచ్చి, కెరెన్‌ను పక్కకు పిలిచి, తగ్గు గొంతుతో మాట్లాడాడు. రేపటి నుంచి డ్యూటీకి రావచ్చు. కాన్పు ఖర్చు కూడా చూస్తాడు. సరళకుమారి, సాయిసుధ మాత్రం వెళ్ళిపోవాలి.

"వాళ్ళు నిన్ను అడ్డం పెట్టుకుంటున్నారమ్మా. ఎవరు నీ మంచి కోరేవాళ్ళో ఆలోచించుకో."

కెరెన్ స్టీవ్ వైపు చూసింది. అతడు నేలకేసి చూస్తున్నాడు. ఇంటి అద్దె, కడుపులో బిడ్డ, ఊళ్ళో కబురు కోసం చూసే పెద్దలు, అవన్నీ ఆ చూపులో ఉన్నాయి. ఆశ పెట్టేవాడు దానికి ఎప్పుడూ ఒంటరి చోటే వెతుక్కుంటాడు.

"నా కడుపు సంగతి అంతమంది ముందు చెప్పారు కదా సార్" అంది కెరెన్. "ఇప్పుడన్నది కూడా అంతమంది ముందే చెప్పండి."

అతడు చెప్పలేదు. ఆమే వెనక్కి వచ్చి అందరికీ వినబడేలా చెప్పింది. "నన్ను తీసుకుంటాడంట. అక్కనీ సుధనీ పంపేస్తాడంట. నేను ఒప్పుకోలేదు." అప్పుడు స్టీవ్ వచ్చి ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు. చిన్న నర్సు, ప్రార్థనలోకి గొడవలు వద్దన్న ఆ అమ్మాయి, సాయిసుధ చేయి పట్టుకుని వదలలేదు.

పోలీసు జీపు వచ్చింది. దారి ఆపారన్నారు. ఇద్దరిని ఎక్కమన్నారు, సరళకుమారిని, సాయిసుధను. సాయిసుధ ఎక్కుతూ, "అక్కా, జరుగు. నన్ను మల్ల బయట కూసోపెడ్తవా?" అంది. ఇద్దరూ నవ్వారు. జీపు కదిలింది. మిగిలినవాళ్ళు లేచి, బజారు మధ్య నుంచి, ఠాణా వైపు నడిచారు. నర్సుల తెల్లబట్టల వెనక ఆయాల నీలం చీరలు. దుకాణాలవాళ్ళు ఏమిటని అడిగితే ఫూల్‌వతీ ప్రతి దుకాణం ముందూ ఆగి మొదటి నుంచి చెప్పింది.

సాయంత్రానికి కాలువ అవతలి కస్బా నుంచి ఫోను వచ్చింది. అక్కడి ఆసుపత్రిలోనూ కాంట్రాక్టు సుధీంద్రదే. అక్కడి నర్సులు గేటు ముందు కూర్చున్నారట. ఏ నినాదం ఇవ్వాలని అడుగుతున్నారు. ఠాణా మెట్ల మీద కూర్చున్న కెరెన్ ఫోను అందుకుంది.

"ముందు అక్కడ ఎవరెవరిని తీసేశారో ఒక్కొక్కరి పేరూ గట్టిగా చెప్పండి" అంది. "మేమూ ఇక్కడ చెబుతున్నాం."