వంద వోల్టులు

“కుక్కర్ మోసం చేసింది జనార్దన్, లేకపోతే జపాన్ ట్రిప్పు బ్రహ్మాండం,” అని హాల్లో భర్త హరికృష్ణ స్నేహితుడితో అంటున్నది వంటింట్లో పెసరట్లు పోస్తున్న అరుణశ్రీకి వినబడుతూనే ఉంది. నెలరోజుల్లో అతను ఈ మాట అనడం ఇది నాలుగోసారి. అట్టు తిరగేస్తూ ఆమె నవ్వుకుంది. పాపం, నోరు లేని కుక్కరు.

ఆ ఇంట్లో మనుషులు కదిలితే కరెంటు కుక్కర్ కదలాల్సిందే. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు, బాలీ వెళ్లినా సియోల్ వెళ్లినా సూట్‌కేసులో బట్టల మధ్య అది ఉంటుంది. దానికి తోడు హోటల్ గదిలో అరుణశ్రీ. “అమ్మ బయటి తిండి తినదు. నువ్వు ఉండి కాస్త అన్నం పడేసెయ్, నాలుగింటికల్లా వచ్చేస్తాను,” అనేవాడు హరికృష్ణ. సియోల్లో ఆమె చూసిందల్లా ఎదుటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు. తిరిగొచ్చాక “నీకు మంచి రెస్టు దొరికిందిలే,” అన్నాడు కూడా. ఆ మాట ఆమెకి ఇప్పటికీ మంటే.

జపాన్ ట్రిప్పుకి కవాగోయె ఊరిని వెదికి పట్టుకున్నది ఆమే. టోక్యో నుంచి రైల్లో గంటలోపు, పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చు. ఒకప్పుడు ఊరు తగలబడితే, మళ్లీ కాలకూడదని వర్తకులు మందపాటి మట్టిగోడలతో నల్లటి దుకాణాలు కట్టుకున్నారట. సింగపూర్‌లో సెంగ్‌కాంగ్‌లోని ఇంటి నుంచి ఆంగ్ మో కియోలో పనికి వెళ్తూ వస్తూ, రెండు నెలలు ఫోన్లో ఆ వీధే చూసుకుంది. ఆంగ్ మో కియో ఫ్యాక్టరీలో పన్నెండేళ్లుగా ఆమె పని పవర్ సప్లైలు పరీక్షించడం. ఏ దేశానికి వెళ్లే పెట్టె ఎన్ని వోల్టుల్లో పనిచేస్తుందో చూసి సంతకం పెట్టేది ఆమే. హరికృష్ణ మాత్రం ఆమెనేమీ అడగలేదు. ప్లగ్గు పిన్నులు అక్కడ పట్టేలా అడాప్టర్ ఒకటి కొనుక్కొచ్చి, “ఇక నీకే ఇబ్బందీ లేదు. కవాగోయె నేను చూసొస్తా, నువ్వు వండెయ్,” అన్నాడు. ఆమె అడాప్టర్ని కూడా బుద్ధిగా సర్దింది.

కవాగోయె వెళ్లే రోజు పొద్దున ఆరింటికి కుక్కర్లో పెట్టిన అన్నం ఎనిమిదైనా ఉడకలేదు. దీపం వెలిగింది, నీళ్లు వేడెక్కాయి, బియ్యం నానాయి. అంతే. “పాడైందేమో,” అని హరికృష్ణ తల గోక్కున్నాడు. “మరి వండేదేం లేదు కదా, నేనూ వస్తా,” అని అరుణశ్రీ బూట్లు తొడుక్కుంది. మంచం మీంచి అత్తగారు సీతాదేవి కూడా లేచి, “నన్నూ తీసుకుపో అమ్మాయ్,” అంది.

బయటి తిండి తినని ఆవిడ ఆ నల్లటి వీధిలో వేడివేడి చిలగడదుంప ఊదుకుంటూ తింది. పన్నెండింటికి చెక్క గోపురం మీద గంట మోగుతుంటే కోడలి చెయ్యి పట్టుకుంది. “మీ మామగారితో ఎన్నో ఊళ్లు తిరిగాను. అన్నిట్లోనూ నేను చూసింది పొయ్యేనే.”

“డిసెంబర్ ట్రిప్పుకి మేమూ వస్తాం అన్నయ్యా,” అంటోంది ఇప్పుడు హాల్లో జనార్దన్ భార్య లత.

“రండమ్మా. ఈసారి పెద్ద కుక్కర్ కొంటా. అరుణ అందరికీ వండేస్తుంది, మనం తిరిగొద్దాం.”

అరుణశ్రీ స్టవ్ ఆపింది. అట్లకాడతోనే హాల్లోకి వచ్చింది.

“కుక్కర్ మోసం చెయ్యలేదండీ. ఇక్కడ కరెంటు రెండొందల ముప్ఫై వోల్టులు, జపాన్‌లో వందే. ఉడకదని సర్దేటప్పుడే నాకు తెలుసు.”

హరికృష్ణ ఆమె వైపు తిరిగాడు. “తెలిసీ చెప్పలేదా?”

“పిన్నుల సంగతి షాపువాణ్ణి అడిగారు. నన్నడగలేదు.”

“నాకు చిలగడదుంప చాల్రా,” అంది సోఫాలోంచి సీతాదేవి, కొడుకు వైపు చూడకుండా.

అరుణశ్రీ అట్లకాడ అతని చేతిలో పెట్టి లత పక్కన కూర్చుంది. “పెద్దదే కొనండి, అక్కడ ఉడికేది ఏదో నేను చెప్తాను. వండేది మాత్రం మీరు. ఇంకా నాలుగు అట్లకి పిండి ఉంది, ఇవాళే మొదలుపెట్టండి.”