వీధికి ఒక్క నిప్పు

ఆదివారం పదకొండు దాటిందంటే మా వీధి నేల మీద ఉండేది కాదు. ప్రతి పెరట్లోంచీ మాంసం కాల్చే కట్టెల పొగ లేచి, గోడలు దాటి, ఆరేసిన దుప్పట్ల మధ్యగా నడిచి, నది వైపు సాగిపోయేది. దాని వెంట ఇళ్ళు కూడా మెల్లగా కదులుతున్నట్టు ఉండేది. వంటింటి కిటికీ దగ్గర టమాటాలు కోస్తూ, ఈ వారం ఎక్కడికి చేరతామో అనుకునేదాన్ని.

ఆ పొగ మీదే మునిసిపాలిటీ కన్ను పడింది. ఇకనుంచి ఇంటికో నిప్పు ఉండకూడదు, వీధికి ఒక్కటే. అందరూ మాంసం ఆ ఒక్కదాని మీదే కాల్చుకోవాలి. గాలిలో చేరే కర్బనం తగ్గాలట. మా వీధి ఒప్పుకుంటే ముందు ఇక్కడే మొదలుపెడతారు. చేతులెత్తి చెప్పమని శనివారం సాయంత్రం క్లబ్బు హాలుకి పిలిచారు.

వాళ్ళు చెప్పేది తప్పు కాదని నాకు తెలుసు. వరసగా రెండు వేసవులు నది ఎండి అడుగున రాళ్ళు తేలడం చూశాను. అయినా వద్దని చెయ్యెత్తాలనే వెళ్ళాను. కారణం నా భర్త వాల్డెమార్.

మాలో ఒకరి నిప్పుని ఇంకొకరు ముట్టుకోరు. నిప్పులు తోసే కడ్డీ ఎవరి చేతిలో ఉంటే ఆ పూట నిప్పు వాళ్ళది. మాంసం కాల్చే ఇనప కమ్మీల మీద అరచెయ్యి చాచి లెక్కపెడతారు. ఐదు దగ్గర చెయ్యి దానంతటదే వెనక్కి వస్తే వేడి సరిపోయినట్టు. ఈ చలికాలం నుంచి వాల్డెమార్ లెక్క పదిహేను దాకా పోతోంది. షుగరు అతని అరచేతుల్లో స్పర్శని తినేసింది. అతను చెప్పలేదు, నేను అడగలేదు. వైన్ కోసం అతను లోపలికి వెళ్ళినప్పుడు నిప్పులు సర్ది వచ్చేదాన్ని. పెరటి గోడల మధ్య అది దాగింది. వీధంతా చుట్టూ నిలబడితే దాగదు.

హాల్లో మునిసిపాలిటీ అమ్మాయి కాగితాలు విప్పీ విప్పకముందే పక్కింటి అబయూబా అందుకున్నాడు. “రేపు రోజుకి ఎన్నిసార్లు తుమ్మాలో కూడా రాసి పంపుతావా, పాపా?”

“తుమ్ములు మీ ఇష్టం తాతా.”

“తాతెవరమ్మా ఇక్కడ!”

హాలు గొల్లుమంది.

“ముందు ఆ విమానాలెక్కి తిరిగేవాళ్ళని ఆపండి. మా పెరట్లోకొచ్చి పడ్డారేంటి?” అంది మూలింటి ఎల్బియా.

“వాళ్ళనీ ఆపాలమ్మా. ఎవరో ఒకరు మొదలెట్టాలి కదా.”

“మొదలెట్టడానికి ఎప్పుడూ మేమే దొరుకుతాం!”

ఆ మాటకి బల్లలు చరిచారు. వద్దనేవాళ్ళే గెలిచేలా ఉన్నారని నేను ఊపిరి పీల్చుకుంటుండగా వాల్డెమార్ లేచాడు.

“నేను ఒప్పుకుంటున్నా,” అన్నాడు.

అబయూబా కుర్చీ కిర్రుమంది. “ఒరేయ్, జ్వరమేమైనా వచ్చిందా? కడ్డీతోనే పుట్టావు కదరా నువ్వు!”

“అందుకే చెబుతున్నా. ఒక్కటి చాలు. దాన్ని నువ్వు చూసుకో.”

“నేనా?”

“ముప్పై ఏళ్ళుగా నీ మాంసం మాడుతూనే ఉంది. ఇప్పటికైనా నేర్చుకుంటావు.”

నవ్వులు ఆగాక సరేనంటూ ఒక్కో చెయ్యీ లేచింది. నాది కూడా.

ఇంటికి వస్తుంటే దారంతా రాలిన ఊదాపూలు. అడుగుల చప్పుడు కూడా వినిపించలేదు. ఎవరో మమ్మల్ని పూల మీదుగా తేల్చి తీసుకుపోతున్నట్టుంది.

“సర్కారు వద్దంది, మానేశాడు అంటారు. అంతకంటే ఎవరూ ఏమీ అనరు, జుల్మా,” అన్నాడు వాల్డెమార్. నాలుగు ఇళ్ళు దాటాక మళ్ళీ, “నువ్వు నిప్పులు ఎడమవైపుకే ఎక్కువ తోస్తావు. అందుకే మందం ముక్కలు అటు పెట్టేవాణ్ణి.”

అతని చెయ్యి పట్టుకున్నాను. పట్టుకున్నట్టు తెలియాలని కాస్త గట్టిగానే.

మొదటి ఆదివారం వీధి చివర ఖాళీ స్థలంలో నిప్పు వేశారు. ఇంత ఆకాశం మా వీధి మీద ఉందని నాకు తెలియదు. అబయూబా చెయ్యి చాచి ఐదు లెక్కపెట్టి, పక్కటెముకల మాంసం కమ్మీల మీద పరిచాడు. మీసం మీద చెమట. వాల్డెమార్ పక్కనే కుర్చీలో ‘మాటే’ ఆకుల కషాయం తాగుతూ కళ్ళు మూసుకున్నాడు.

“తిప్పనా?” అన్నాడు అబయూబా.

“ఆగు.”

“అడుగు మాడిపోతోందిరా!”

“కొవ్వు ఇంకా నెమ్మదిగానే పడుతోంది. వినబడట్లేదా?”

అబయూబా వంగి చెవి పెట్టాడు. ఎల్బియా రొట్టె కోయడం ఆపింది. పిల్లలు కూడా నోళ్ళు మూశారు. నిప్పుల మీద ఒక చుక్క పడింది. చాలాసేపటికి ఇంకొకటి. కంచాలు పట్టుకుని వీధంతా వాల్డెమార్ మొహం కేసి చూస్తూ నిలబడింది. అతను తొందరపడలేదు.