నల్ల పళ్ళెంలో వబాష్ క్వీన్

డెల్మర్ హచెన్స్ పై ప్రాణాలు పైనే పోయాయి. నీళ్ళలో ముంచిన గాజు పలక మీంచి బొమ్మ లేచిపోతోంది, పాల మీద మీగడ లేచినట్టు.

అయ్యో, ఎంత పని చేశాడు! అమెరికా అంతర్యుద్ధంలో మిసిసిపీ నది మీద తిరిగిన యుద్ధపడవల ఫోటోలు పోగుచేస్తూనే తల నెరిసిన మనిషి. ఆ కాలపు గాజు ఫోటోల సంగతి ఆయనకి కొట్టిన పిండి. బొమ్మ ఉన్న గాజు ఒకటి, దాని మీద మూతగా ఉత్త గాజు ఇంకొకటి, వెనక నల్ల మఖమల్ గుడ్డ. మూత గాజు మసకబారితే విప్పి సబ్బునీళ్ళలో కడగడం ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరికీ అలవాటే. బొమ్మ గాజుకి మాత్రం చుక్క నీరు తగలకూడదు. కానీ ఆ నల్లగుడ్డ మీంచి తీశారా, బొమ్మ కాస్తా మురికి మరకలా కనిపిస్తుంది. ఎండ తగలకూడదని తెరలు దించుకున్న గదిలో, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, మహానుభావుడు మురికిగా కనిపించినదాన్నే మూత గాజనుకుని ముంచాడు.

తన ఫోటో అయితే తల బాదుకుని ఊరుకునేవాడు. ఇది మిస్ ఒడెస్సా క్రెన్‌షాది. ఆమె ముత్తాత ఐజేయా బానిసత్వం నుంచి పారిపోయి వచ్చి, 'వబాష్ క్వీన్' అనే ఆవిరి యుద్ధపడవలో కొలిమికి బొగ్గు వేశాడు. ఈ ఫోటోలో తప్ప ఆయన ముఖం ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. ఆ పడవ బొమ్మా ఇంకెక్కడా లేదు. నకలు తీసుకుని ఇచ్చేస్తానని కాళ్ళావేళ్ళా పడి తెచ్చుకున్నాడు. కడిగాక నకలు తీద్దాంలే అనుకున్నాడు, కాబట్టి అదీ లేదు. ఆదివారం చర్చిలో ఒడెస్సా వంశమంతా కలుస్తోంది. పిల్లలందరికీ ఆ ముఖం చూపించాలని ఆమె ఆశ.

గాజుని పైకి ఎత్తబోయాడు. పొర సాగింది. భయంతో వదిలేశాడు. నీళ్ళు తొణికితే చాలు, చిరిగిపోతుంది.

అప్పుడే బయట మెట్లు కిర్రుమన్నాయి. ఆ ఇంటి చెక్క నేల పిల్లి నడిచినా ఊగుతుంది. ఒడెస్సా పిల్లి కాదు.

"డెల్మర్! ఎక్కడున్నావయ్యా? మొక్కజొన్న రొట్టె చేశా, పెనంతో సహా పట్టుకొచ్చా!"

"అడుగు వెయ్యకండి!" కీచుగా అరిచాడు. "మీకు పుణ్యముంటుంది మిస్ ఒడెస్సా, కదలకండి!"

"ఏం, పామా?"

"పాము కాదమ్మా." "మీ ఐజేయా తాతని నీళ్ళలో వేసేశాను."

గుమ్మం దగ్గర పెనం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారింది. తర్వాత, "చెయ్యి కాలుతోంది. ఇదేం చెయ్యను?"

"మెల్లగా కింద పెట్టండి. చెప్పులు విప్పి రండి."

గోడ పట్టుకుని, పాదం తర్వాత పాదం వేసుకుంటూ వచ్చిందావిడ. పళ్ళెం నల్లది కావడంతో నీళ్ళలో బొమ్మ స్పష్టంగా కనిపిస్తోంది. రెండు పొగగొట్టాలు, ఫిరంగుల మూతులు, కమ్మీ పక్కన టోపీ పెట్టుకున్న మనిషి, కందిబద్దంత ముఖం.

"ఊగుతున్నాడు," అంది. "పోతాడా?"

"పోవచ్చు."

"నిన్ను నమ్మి ఇచ్చాను కదరా, వెధవా!" తిట్టు కూడా గుసగుసగానే తిట్టింది, నీళ్ళు కదులుతాయని.

పొర చిరిగింది. పడవ ఒకవైపు, మనిషి ఒకవైపు. డెల్మర్ శుభ్రమైన గాజు అందుకున్నాడు. దాన్ని పొర కిందకి పోనిచ్చి పైకి తేవాలి. ఒక ముక్క వస్తే ఆ కదలికకి రెండోది చితికిపోతుంది. జన్మంతా వెతికిన పడవ! చెయ్యి అలవాటు కొద్దీ అటే పోయింది. ఒడెస్సా చూసింది. ఆ చూపుకి ఆయనకి సిగ్గేసింది.

చెయ్యి తిప్పాడు. గాజు ఐజేయా కిందకి జారింది, పైకి వచ్చింది. వెనక వబాష్ క్వీన్ ముడుచుకుని, బూడిదరంగు పోగులా అడుక్కి పోయింది. డెల్మర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గాజుని నల్లగుడ్డ మీద పెట్టాడు. టోపీ ఉంది. గడ్డం ఉంది. రెండు కళ్ళూ ఉన్నాయి.

ఒడెస్సా రెండు చేతులతో నోరు మూసుకుని చాలాసేపు చూసింది.

"ఇక ఊపిరి పీల్చుకోవచ్చా?" అంది వేళ్ళ సందుల్లోంచి.

"వద్దమ్మా," అన్నాడు డెల్మర్. "ఇంకా తడి ఆరలేదు."