ఒజెల్లా రెండు నిమిషాలు

మా తూర్పు పేటలో ఎవరికీ నోరు లేక కాదు. నగరసభ ముందు నిలబడితే మనిషికి రెండు నిమిషాలే ఇస్తారు, మాకేమో అసలు సంగతికి రావడానికే అంత పడుతుంది. అందుకని పేట సంఘం ఒక పద్ధతి పెట్టింది. మేమంతా పేర్లు రాయించుకుని, మా నిమిషాలన్నీ సంఘం నడిపే రోడ్రిక్‌కి ఇచ్చేస్తాం. చదువుకున్నవాడు, మా చేతుల్లో పెరిగినవాడు. మా అందరి తరఫునా వాడే మాట్లాడతాడు.

ఆ శీతాకాలం మా వీధి బస్సు తీసేస్తామన్నారు. పక్కింటి ఒజెల్లా మొగుడు లూషస్‌కి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి ఆ బస్సే దిక్కు. కారు లేదు, పిల్లలు లేరు.

"నువ్వే చెప్పు నాయనా, అంతమంది ముందు నాకు కాళ్లు వణుకుతాయి," అని ఒజెల్లా తన నిమిషాలు కూడా వాడికే ఇచ్చింది.

"నాకొదిలెయ్ అత్తా," అన్నాడు వాడు.

నగరసభలో వాడు బాగానే మాట్లాడాడు. ముసలివాళ్లకి మధ్యాహ్నం అన్నం పెట్టే భోజనశాల గురించి చాలాసేపు చెప్పాడు. చివర్లో, "భోజనశాల ఉంచితే, బస్సు తీసెయ్యడానికి మా పేట ఒప్పుకుంటోంది," అన్నాడు. మా పేటట. ఎవడడిగాడు మా పేటని? అధికారులు సభకి ముందే పిలిచి డబ్బుల్లేవు, రెండింట్లో ఒకటే ఉంచుతామన్నారట. సంఘం పెద్దలు తలుపులేసుకుని భోజనశాల కోరుకున్నారట. ఆ ముక్క మాకు తర్వాత తెలిసింది.

ఒజెల్లా లేచింది. "అయ్యా, మా ఆయన..."

"మీ సమయం ఆయనకి ఇచ్చేశారు కదమ్మా," అన్నాడు అధ్యక్షుడు, మర్యాదగానే.

ఆమె కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది, కానీ నా నిమిషాలూ వాడి దగ్గరే ఉన్నాయి.

బస్సు ఆగిపోయింది. ఇంకో బస్సు ఎక్కాలంటే పెద్ద రోడ్డు దాకా మంచులో నడవాలి. మొదట్లో చర్చివాళ్లం మా కార్లలో తీసుకెళ్లాం. ఎన్నాళ్లని? మాకూ ఉద్యోగాలున్నాయి. లూషస్ ఒకసారి మానేశాడు, మళ్లీ మానేశాడు. "ఇవాళ బాగానే ఉందిలే," అనేవాడు. ఫిబ్రవరిలో పోయాడు. ఒకరి చేత మాట పడని మనిషి.

అంత్యక్రియల్లో పోయినవాళ్ల గురించి మాట్లాడటానికి మా చర్చిలోనూ రెండు నిమిషాలే. భార్యలు మాట్లాడరు, ముందు వరసలో కూర్చుని ఏడుస్తారు. పాస్టరుగారు "పేట తరఫున రోడ్రిక్" అని పిలిచారు. వాడు కళ్లు తుడుచుకుంటూ లేచాడు. ఆ ఏడుపు అబద్ధం కాదు, వాడు లూషస్ భుజాలెక్కి పెరిగినవాడే.

ఒజెల్లా వాడి చెయ్యి పట్టుకుంది.

"కూర్చో నాయనా. ఈ నిమిషాలు నేనెవరికీ ఇవ్వలేదు."

మైకు దగ్గరికి వెళ్లింది. కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. శవపేటిక వైపు చూడలేదు, మా వైపే చూసింది.

"బస్సు తియ్యొద్దయ్యా," అంది. "మా ఆయన ఆసుపత్రికి వెళ్లాలి."

వచ్చి తన చోట కూర్చుంది. ఆ మాట చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు.