రసూవా ఇంటి అంచు

పెళ్లికి పోయినా మా ధర్మవరం నేతవాళ్ల చూపు పెళ్లికూతురి మొహం మీద నిలవదు, చీర అంచు మీదికి జారుతుంది. అంచు నచ్చిందా, భోజనాలు అయ్యేలోపు కంటితోనే ఎత్తేస్తారు. వారం తిరిగేసరికి అది వాళ్ల మగ్గం మీద ఉంటుంది. దాన్ని ఇక్కడ ఎవరూ దొంగతనం అనరు. మా ఆయన మంజునాథ్ ఈ విద్యలో అందరికంటే రెండాకులు ఎక్కువే చదివాడు. ఆయన పని జాకార్డు అట్టలు కొట్టడం. అంచులో పువ్వు ఎక్కడ లేవాలో మగ్గానికి చెప్పేది ఆ అట్టల్లోని చిల్లులే. ఇదంతా తెలిసి కూడా ఆ గుడ్డముక్క తెచ్చి ఆయన చేతిలో పెట్టాను చూడండి, నా అంత తెలివితక్కువది ఇంకొకతి ఉండదు.

ఆ గుడ్డ మడగాస్కర్‌ది. హిందూపురంలోని ఒక స్వచ్ఛంద సంస్థ, చేనేత తెలిసిన ఆడవాళ్లను అక్కడి పల్లెలకు నేర్పడానికి పంపుతుంటే నేనూ పేరిచ్చాను. జీతం లేదు, తిండీ చార్జీలూ వాళ్లవి. కూలి లేని పనికి సముద్రం దాటిపోతుందట అని చుట్టాలంతా బుగ్గలు నొక్కుకున్నారు. నన్ను వెనకేసుకొచ్చి, బెంగళూరు దాకా వచ్చి విమానం ఎక్కించింది మంజునాథే. ఆ మాట దాచను. ఇంత మంచి మొగుడు ఎవరికుంటాడని ఆ రోజు దారంతా మురిసిపోయాను.

నేర్పడానికి పోయినదాన్ని, మొదట్లో నేర్చుకోవడమే సరిపోయింది. నేను దిగింది రసూవా అనే ముసలామె ఇంట్లో. అక్కడి నేల పెనుకొండ గుట్టల కింది నేలలాగే ఎర్రగా ఉంటుంది. నాలుగు గూటాలు భూమిలో పాతి, వాటి మధ్య పడుగు దారాలు కట్టి, నడుము వంచి కూర్చుని నేస్తారు. నేను వడ్రంగిని పిలిపించి కాళ్లతో తొక్కే మగ్గం చేయించాను. ఆమె నాకు అడవిపట్టు వడకడం నేర్పింది. అన్నం గిన్నె అడుగున మాడు ఉండగానే నీళ్లు పోసి కాచి, ఆ నీళ్లు ముందు నాకిచ్చి తర్వాత తను తాగేది. మాకు ఒకరి భాష ఒకరికి రాదు. పక్కింటి హెరీ అనే కుర్రాడికి ఇంగ్లీషు వచ్చు కాబట్టి ముఖ్యమైన మాటలు అతని నోటితో నడిచేవి.

వాళ్లింట్లో ఒక అంచు ఉంది. ఆ ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు, శవం మీద కప్పే గుడ్డకు మాత్రమే దాన్ని నేస్తారు. బతికున్నవాళ్లు కట్టరు, అమ్మరు. నేను బయలుదేరే రోజు ఆమె ఆ అంచున్న జానెడు ముక్క నా ఒళ్లో పెట్టింది. నువ్వు పోయినప్పుడు ఇది నీ మీద వేయమని చెప్పు, ముందు పోయిన మావాళ్లు నిన్ను గుర్తుపడతారు అని హెరీతో చెప్పించింది. బతికున్న మనిషి కోసం దీన్ని నేయొద్దని మాత్రం అడిగింది. నేయను, నేయనివ్వను అని ఆమె రెండు చేతులూ పట్టుకుని చెప్పాను. మా అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు నేను.

ఇంటికొచ్చి ఇదంతా మంజునాథ్‌కి చెప్పాను. ఆయన ముక్కను లైటు కింద పట్టుకుని ముందువైపు చూశాడు, తిప్పి వెనకవైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. వద్దు అన్నాను. ఆయన లేచి మగ్గం మీద చెయ్యి వేసి, ఈ అంచుకు నేను అట్టలు కొట్టను అన్నాడు. మగ్గం మీద చెయ్యేశాక మా ఇళ్లల్లో ఇంక మాట తిరగదు. నేను ముక్కను మడిచి బీరువాలో పెట్టి నిశ్చింతగా ఉన్నాను.

తర్వాత హిందూపురంలో ఒక కాలేజీలో నన్ను మాట్లాడమన్నారు. దూరదేశంలో సేవ చేసి ఏం నేర్చుకున్నారో పిల్లలకు చెప్పమన్నారు. రసూవా గురించి చెప్పాను. మాట ఇవ్వడానికి భాష అక్కర్లేదని నేర్చుకున్నాను అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. మంజునాథ్ ముందు వరసలో కూర్చుని మొత్తం ఫోన్లో వీడియో తీశాడు.

మాఘంలో పెనుకొండలో సుకన్య పెళ్లి. సుకన్య మా చిన్నత్త చాముండేశ్వరి కూతురు, మంజునాథ్‌కి చెల్లెలి వరస. అక్షతలు గుప్పిట్లో పట్టుకుని పీటల దగ్గరికి పోయాను. అలవాటు ఎక్కడికి పోతుంది, నా చూపూ అంచు మీదే పడింది. మా జరీతో, మా కుంకుమరంగులో, రసూవా ఇంటి అంచు. ఎంత బాగుందో చూడు అని చిన్నత్త నా మోచెయ్యి గిల్లి, మంజునాథుడే గీసిచ్చినాడు, నీకు తెల్దా అంది.

చేతులు కడుక్కునే కొళాయిల దగ్గర దొరికాడు.

"మగ్గం మీద చెయ్యేసినావే" అన్నాను.

"కొట్టనంటి. కొట్టలే. గళ్ల కాగితం మీద గ్రాఫు గీసినా, అంతే. అట్టలు కొట్టింది వేరేవాళ్లు."

ఆ జవాబు ఎప్పుడో తయారుచేసి పెట్టుకున్నాడు. చెల్లెలికి పీనుగ గుడ్డ కడతావా అని అడిగాను.

"వాళ్లకు పీనుగ గుడ్డ, మనకు అంచు. ఆ ముసలామె సముద్రం దాటి చూడనొస్తాదా? పో, పోయి చెప్పు సుకన్యకు. పెండ్లి ఆపు."

నేను ఆపలేనని తెలిసే అన్నాడు. మంగళవాద్యం జోరందుకుంది, అందరూ లేచారు. శవం మీది అంచు కట్టుకుని నవ్వుతున్న పిల్ల మీద నేనూ అక్షతలు వేశాను. నూరేళ్లు బతకమని నోటితో అన్నాను. కట్టుకున్నవాడు మోసం చేశాడని ఏడవాలో, నాతో కూడా చేయించాడని ఏడవాలో తెలియలేదు.

గ్రాఫు ఎవరికి అమ్మాడో చిన్నత్తను అడిగి, మర్నాడే హిందూపురం బస్సెక్కాను. గ్రాఫు కొన్న చీరల షాపులో ఆ అంచు చీరలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఆపమని బతిమాలుకున్నాను. షాపాయన నన్ను చూసి కుర్చీ వేయించి, మీ వీడియోకి ఎంత పేరొచ్చిందో తెలుసా మేడం అని ఫోన్ చూపించాడు. కాలేజీలో నేను మాట్లాడిన మాటలే. నా మొహం, నా పేరు, రసూవా పేరు, వెనక ఆ చీరల గుట్టలు. మాట ఇవ్వడానికి భాష అక్కర్లేదు అని నేను అంటుంటే కింద షాపు అడ్రసు తిరుగుతోంది. అది ఎవరి ఫోన్లోంచి వచ్చిందో అడగాల్సిన పని లేదు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదానని తెలిసింది.

వారం రోజులు అన్నం పెట్టేదాన్ని, అంతే. ఆయన మాత్రం తలెత్తుకునే తిరిగాడు, అలక దానంతటదే దిగుతుందన్నట్టు.

ఒక మధ్యాహ్నం హెరీ దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. నా పేరు చూసి ఆ వీడియో అతనికి తగిలింది, రసూవాకి చూపించాడు. ఇంక తిట్లే అనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. ముందు ఆమె గొంతు వచ్చింది, వాళ్ల భాషలో. తర్వాత హెరీ ఇంగ్లీషులో మెల్లగా చెప్పాడు. రసూవా ఆ గుట్టలు చూసింది. మీ ఊరికి ఏం రోగం వచ్చిందని అడుగుతోంది. ఒక్కసారిగా ఇంతమంది పోయారా, నువ్వు బాగున్నావా, నీ భర్త ఉన్నాడా అని అడుగుతోంది. మీవాళ్ల కోసం మా అంచే నేయించావంటే మమ్మల్ని సొంతవాళ్లనుకున్నావు అంటోంది.

నన్ను అనుమానించాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

ఫోన్ తీసుకుపోయి మంజునాథ్ ముందు పెట్టి మొదట్నుంచి మళ్లీ వినిపించాను. ఆయనకు ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. చేతిలో పెన్సిలు కింద పెట్టేశాడు.

"ఎవురెవురు పోయినారో నువ్వే చెప్పు" అన్నాను.

"ఏమని చెప్పేది యమునా" అన్నాడు.

మెసేజ్‌లో చివరి మాట మీకు ఇంకా చెప్పలేదు. ఇంతమందికి మీ చేతులు చాలవు, ఆడవాళ్లమంతా నేతకు కూర్చున్నాం, నేసినన్ని గుడ్డలు పంపిస్తాం అని చెప్పింది రసూవా.